బొమ్మల చదువు

అధ్యాపకుని బల్ల సొరుగులో విద్యార్థుల నుండి తీసికొన్న వస్తువులు కొన్ని మిగిలిపోవుట సహజం. మా సొరుగులో ఒక ఇంటర్మీడియట్ తెలుగు వాచకం ఏడేండ్లుగా పడియున్నది. దాని పుటల అంచున ఒక విద్యార్థి మేకపిల్ల బొమ్మలు గీసినాడు. పాఠం నడుచుచుండగా గీసినందున మందలించి పుస్తకం తీసికొన్నాము. ఆ రాత్రి బొటనవ్రేలితో పుటలను జారవిడువగా, మేకపిల్ల ఒక గుండు మీది నుండి మరొక గుండు మీదికి దుమికినది. ముచ్చటపడినాము. కాని ఆ మాట అతనితో చెప్పలేదు.

పిదప ఆ బాలుడు కంప్యూటర్ యానిమేషన్ చదువుదునని పట్టుబట్టగా, వెల్డింగు పనితో ఇల్లు గడుపుకొను అతని తండ్రి మా వద్దకు వచ్చినాడు. "సారూ, తస్వీర్లు గీసుడు గూడ చదువేనా?" అని అడిగినాడు. ఆ చదువు ఎట్టిదో మాకు తెలియదు. తెలియదనుటకు బదులు, బి.కాం.లో చేర్పించుమని చెప్పినాము. బాలుడు మారుమాట లేక చేరినాడు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక దుకాణంలో పద్దులు వ్రాయుచున్నాడు.

ఈ యేడు అతని చెల్లెలు అదే కోరికతో వచ్చినది. ఈసారి తెలిసికొన్న పిదపనే సలహా చెప్పవలెనని నిశ్చయించుకొన్నాము.

హైదరాబాదులోని మాసబ్ ట్యాంకు వద్ద, 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ నాలుగేండ్ల డిగ్రీ చదువుగా ఉన్నది. ప్రవేశపరీక్షలో చిత్రలేఖనానికి స్థానమున్నది. యంత్రం నడుపుట వచ్చిన చాలునని మేమనుకొన్నది పొరపాటు.

చలనచిత్రంలో సెకనుకు 24 బొమ్మలు, నిమిషానికి 1,440. ముఖ్యమైన భంగిమలను కళాకారుడు నిర్ణయించును. నడిమి భంగిమలను కంప్యూటరు పూరించును. అయితే యంత్రం పూరించినది తరచు నిర్జీవంగా ఉండును. దుమికే ముందు కాళ్లు ముడుచుకొనుట, దిగినప్పుడు బరువుకు ఒళ్లు కుంగుట మనిషి కన్నే కనిపెట్టి దిద్దవలెను. ఇక విజువల్ ఎఫెక్ట్స్ అనునది మా తెలుగు మాస్టర్ల భాషలో సంధికార్యమే. వేర్వేరు చోట్ల చిత్రించిన దృశ్యాలను వెలుగునీడలు సరిపోవునట్లు కలిపి, అతుకు కనపడకుండ చేయుటయే అందులోని విద్య.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో కంప్యూటరు లేకుండనే, మార్కస్ బార్ట్లీ కెమెరా ముందు లడ్లు ఘటోత్కచుని నోటిలోనికి ఎగిరిపోయినవి. 2012లో వచ్చిన 'ఈగ'లో మాటరాని ఈగ చేత కోపమును, ప్రేమను పలికించినారు. దానికి మకుట సంస్థ జాతీయ పురస్కారం పొందినది. ఉమ్మడి నల్లగొండ జిల్లా పోచంపల్లి నేతగాండ్రు సయితం, నూలు మగ్గమెక్కక ముందే ఏ పోగుకు ఎక్కడ ఏ రంగు రావలెనో లెక్కగట్టి చిటికి కట్టుదురు.

రెండవ వైపు కూడ చూసినాము. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' చిత్రం విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ అందుకొన్నది. దానికి పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులోను స్టూడియో ఉండెడిది. ఆ సంస్థ అదే నెలలో దివాలా రక్షణ కోరి కోర్టుకెక్కినది. కీర్తి వచ్చినచోట జీతం నిలుచునన్న హామీ లేదు.

తండ్రిని పిలిపించి ఇవన్నియు చెప్పినాము. నాడు తెలియక సలహా ఇచ్చినామని ఒప్పుకొన్నాము. ప్రాణుల రూపాలు చిత్రించుట తగునా అన్న సంకోచం ఆ ఇంటి పెద్దలకు ఉన్నది. దానిపై తీర్పు చెప్పు అర్హత మాకు లేదు. వారు తమలో తాము మాట్లాడుకొనవలసినదే. ఆయన చాలాసేపు నేల చూచుచు కూర్చొని, "పనికి గ్యారంటీ లేదంటున్నరు. మా వెల్డింగుకు మాత్రం ఉన్నదా సారూ?" అన్నాడు. ఇంట్లో అడిగి చెప్పుదునని లేచినాడు.

పోవునప్పుడు ఆ వాచకాన్ని అమ్మాయి చేతికిచ్చి, అన్నకు ఇమ్మన్నాము. మరునాడు ఆమె వచ్చి చెప్పినది: "అన్న రాత్రంత పుటలు తిప్పుకుంట కూర్చున్నడు సార్. దిగేటప్పుడు ముందరి కాళ్లు తప్పు గీసిన, బరువు కనిపిస్తలేదు అన్నడు."