ఎండనిచ్చిన దేవుడు: మాల్దీవుల నుండి రాచర్ల దాకా

గుంటూరు నుండి నంద్యాల పోయే రైలులో మార్కాపురం రోడ్డు, కంభం స్టేషన్లు దాటి గిద్దలూరులో దిగితే రాచర్ల దగ్గరే. పడమటి దిక్కున నల్లమల కొండలు గోడ కట్టినట్టు నిలిచి ఉంటాయి. ఈ మండలంలోనే జె.పి. చెరువు గ్రామం దాటి అడవిలోకి వెళితే నెమలిగుండ్ల వద్ద గుండ్లకమ్మ ఏరు రాళ్ల మీదనుండి గుండంలోకి దూకుతుంది. ఈ ఏరే కంభం చెరువును నింపి, తూర్పుగా సాగి, ఒంగోలు ప్రాంతంలో సముద్రాన్ని చేరుతుంది. గొప్ప కరువు వెళ్లిన 1878లో, జులై 3న, వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందినది ఈ గుండ్లకమ్మలోనే. కనుక మన సంఘాల చరిత్రకు ఈ కొండల నీటితో సంబంధం ఉంది.

అయితే ఏరు పుట్టే సీమలోనే తాగునీటికి ఇబ్బంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. బోరు ఎంత లోతుకు దించినా, పైకి వచ్చే నీటిలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంటుంది. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పిల్లల పళ్లు గారపడతాయి. ఇంకా ఎక్కువగా, ఏండ్ల తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయి. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

ఇటువంటి చోట కూడికలకు వచ్చేవారి కొరకు ఎండతోనే నడిచే విశ్రాంతి గృహం కట్టాలంటే ఎలా? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ మేము దూరాన ఉన్న మాల్దీవుల వైపు చూశాము. అక్కడ కుడదూ అనే చిన్న ద్వీపంలో 15 విల్లాలతో 2018లో ఒక ఖరీదైన విహార గృహం తెరిచారు. దాని రూపకర్త యూజీ యమజాకి. నడిమధ్య ఉన్న పెద్ద భవనం పైకప్పు నిండా సౌర పలకలే. చుట్టూ ఉప్పునీరు, నెత్తిన మండే ఎండ, పడవలో తెచ్చుకోవలసిన డీజిలు: ఇదీ ద్వీపాల పరిస్థితి. డీజిలు మాట తీసివేస్తే మన రాచర్ల కూడా అటువంటి ద్వీపమే కదా!

ద్వీపంలో కట్టేవారు ముందుగా పలకలు కొనరు, లెక్క వేస్తారు. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు చూచుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. మన లెక్క కూడా వేసి చూద్దాం. ఒక కిలోవాటు సౌర పలకలు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. వాటికి దాదాపు 100 చదరపు అడుగుల కప్పు కావాలి. రాచర్ల 15½ డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది గనుక పలకలను దక్షిణానికి సుమారు అంతే వాలుగా పెట్టాలి.

పది గదులకు పది ఏసీలు పెడితే రాత్రికి 100 యూనిట్ల దాకా ఖర్చు. అంటే 25 కిలోవాట్ల పలకలు, పైగా రాత్రి కొరకు బ్యాటరీలు. అదే పది గదులకు 30 వాట్ల ఫ్యాన్లు ఇరవై పెట్టి పన్నెండు గంటలు తిప్పితే 7 యూనిట్లు చాలు. మందపు గోడలు, ఎత్తైన కప్పు, దక్షిణాన పంచ, కప్పు మీద తెల్ల సున్నం, చుట్టూ వేపచెట్లు ఉంటే ఇల్లు సగం చల్లబడుతుంది. మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు.

మిగిలిన కరెంటుతో ఏం చేయాలి? అక్కడే అసలు విషయం ఉంది. వెయ్యి లీటర్ల నీటిని 200 మీటర్ల లోతునుండి తోడడానికి ఒక యూనిట్‌కు కొంచెం పైగా చాలు. ఆ నీటిని ఆర్.ఓ. యంత్రంతో శుద్ధి చేయడానికి మరి రెండు యూనిట్లు అనుకుందాం. అంటే ఒక్క ఏసీ ఒక రాత్రికి తాగే కరెంటుతో మూడు వేల లీటర్ల నీటిని తోడి శుద్ధి చేయవచ్చు. శుద్ధిలో కొంత నీరు వ్యర్థంగా పోయినా, మంచినీరు వంద కుటుంబాలకు తలా ఒక బిందె వస్తుంది. యంత్రం పగటిపూటే నడుస్తుంది గనుక బ్యాటరీ అక్కరలేదు. ఎండను నీటి రూపంలో తొట్టిలో దాచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం: యంత్రం విడిచే వ్యర్థజలంలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది. దానిని బావిలోకీ చేలలోకీ వదలక వేరుగా నేల తొట్టిలో ఆరబెట్టాలి.

ద్వీపపు విహార గృహంలో సుఖమంతా బస చేసిన అతిథిదే. అది వ్యాపారం, అక్కడ తప్పు పట్టనక్కరలేదు. అయితే సంఘం కట్టే ఇంటికి అతిథి ఎవరు? గదిలో పడుకున్నవారు మాత్రమేనా, లేక బిందె పట్టుకొని గేటు బయట నిలబడిన తల్లి కూడానా? మంచినీటి కుళాయి ప్రహరీ లోపల కాక వీధి వైపు పెడితే, ఆ ప్రశ్నకు మనం ఇచ్చే జవాబు ఊరంతటికీ కనబడుతుంది. అతిథికి చల్లని గది దొరకకపోయినా ఒక రాత్రి గడుస్తుంది. బిడ్డకు మంచినీరు దొరకకపోతే ఒక జీవితం వంగిపోతుంది.

ప్రియ చదువరులారా, మీ సంఘంలోనో, హాస్టలులోనో కొత్త కట్టడం తలపెట్టినప్పుడు మొదట కాగితం మీద రెండు వరుసలు వ్రాయండి: మాకు కావలసినవి, ఊరికి కావలసినవి. రెండవ వరుసను ముందు లెక్కించండి. ఇండ్ల కప్పులమీద సౌర పలకలకు 2024లో ప్రారంభమైన కేంద్ర పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు రాయితీ ప్రకటించారు. మీ గృహాలకు దానిని విచారించండి.

మన పరలోకపు తండ్రి తన సూర్యుని ఎవరికీ తక్కువ చేయలేదు. రాచర్ల కప్పులమీద ఆయన కుమ్మరించే ఎండ ఊరి పిల్లల గొంతుకు మంచినీరై దిగును గాక. ఆమేన్.