రెండు ఆటల రామస్వామి

కోటా రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులోని ఒక తెలుగు ఇంట పుట్టారు. తండ్రి వెంకటమహీపతి నాయుడు. లోకానికి ఆయన బుచ్చిబాబుగానే తెలుసు. తెల్లదొరల క్లబ్బులో భారతీయులకు చోటు లేని రోజుల్లో, 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టి దక్షిణాది క్రికెట్‌కు పునాది వేసినవాడు. ఆయన కడగొట్టు కొడుకు మాతామహుల ఇంటికి దత్తత వెళ్లి కోటా రామస్వామి అయ్యారు.

అప్పట్లో ఆటగాడు తయారయ్యేది కాలేజీ మైదానంలోనే. రామస్వామికి ఆ బడి మొదట మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జి. అక్కడ టెన్నిస్‌లో విశ్వవిద్యాలయానికి ఆడారు. 1922లో డేవిస్ కప్పుకు ఎంపికై, బ్రిస్టల్‌లో రుమేనియాపై డాక్టర్ ఫైజీతో జోడీ కట్టి డబుల్స్ గెలిచారు.

తిరిగొచ్చాక చేపాక్‌లో క్రికెట్ మళ్లీ అందుకున్నారు. ఎడమచేతి వాటం, దూకుడైన బ్యాటింగు. సంక్రాంతి రోజుల్లో యూరోపియన్లతో జరిగే ప్రెసిడెన్సీ మ్యాచ్‌లకు ఆయన పెట్టని కోట. కానీ భారత్ తొలి టెస్టు ఆడింది 1932లో. అప్పటికే ఆయనకు ముప్పై ఆరేళ్లు. పిలుపు 1936లో, నలభై నిండాక వచ్చింది. ఆ ఇంగ్లండు పర్యటనకు కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు విజ్జీ. జట్టులో సి.కె. నాయుడూ ఉన్నారు.

మాంచెస్టర్ టెస్టులో భారత్ 368 పరుగులు వెనకబడింది. రెండో ఇన్నింగ్స్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు చేశారు. వారి వెనక రామస్వామి 60 కొట్టారు. మొదటి ఇన్నింగ్స్‌లో ఆయనవి 40. మ్యాచ్ డ్రా అయింది. ఓవల్‌లో 29, అజేయంగా 41. ఆ రెండు టెస్టులతోనే ఆయన టెస్టు జీవితం ముగిసింది. చేసినవి 170 పరుగులు, సగటు 56.66.

1952-53లో వెస్టిండీస్ వెళ్లిన భారత జట్టుకు మేనేజరుగా ఉన్నారు. తన జ్ఞాపకాలను పుస్తకంగా రాశారు. 1985 అక్టోబరులో మద్రాసులో ఇల్లు వదిలి వెళ్లి మళ్లీ కనిపించలేదు. అప్పటికి ఆయన వయసు 89.

రికార్డుల పుస్తకంలో రామస్వామి పేరు పక్కన రెండు టెస్టులే కనిపిస్తాయి. లోటు ఆటలో లేదు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆడటానికి దేశానికి టెస్టులే లేవు.