ఆర్డర్లు వస్తున్నయి, కర్రనే వస్తలేదు

"గీ కమ్మి దేన్ని పట్టుకోని నిలవడ్తది సార్, జెర మీరే చెప్పుండ్రి" అంటూ కరీంనగర్‌లో ఒక ఫిలిగ్రీ పనివాడు తన ఫోను నా చేతికిచ్చాడు. తెర మీద వెండి నెమలి పురి విప్పి నిలబడి ఉంది. ఈక ఈకకూ వెంట్రుకంత సన్నటి తీగలు, తీగకూ తీగకూ మధ్య ఖాళీ. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. పెళ్లి కానుక కోసం హైదరాబాద్ నుంచి ఎవరో పంపారట. ఏఐతో చేయించిన బొమ్మ. కింద మెసేజ్: సేమ్ ఇదే కావాలి, ఎంతవుతుంది, పది రోజుల్లో ఇస్తారా?

ఇవ్వలేడు. ఎవరూ ఇవ్వలేరు. ఆ బొమ్మలో ఈకలు గాలిలో తేలుతున్నాయి. అతుకు ఎక్కడా లేదు. ఫిలిగ్రీ అంటే మొదట దళసరి తీగతో చట్రం కట్టాలి. ఆకైనా, పువ్వయినా, నెమలి ఈకైనా ముందు దాని అంచు నిలబడాలి. లోపలి సన్నపని తర్వాత. వెండిని కరిగించి, కడ్డీ పోసి, కమ్మచ్చు రంధ్రాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతూ పోతే నూలుపోగంత కమ్మి దిగుతుంది. అలాంటివి రెండు కలిపి మెలిపెట్టి చదును చేస్తారు. అప్పుడు దాని అంచుకు రంపపు పళ్లలాంటి గరుకు వస్తుంది. ఫిలిగ్రీ మెరుపంతా ఆ గరుకులోనే ఉంది. ఆ తీగను పట్టకారుతో చుట్టలు చుట్టి చట్రంలో ఇరికించి, వెలిగారం చల్లి, మంట ఊది అతుకుతారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే సన్న కమ్మి ముద్దయిపోతుంది. నా ముందే ఒక ఆకు అలా పోయింది. ఆయన మాట్లాడకుండా దాన్ని తీసి, కరిగించాల్సిన తుక్కు ఉన్న గిన్నెలో వేశాడు.

మరి ఆ మెసేజ్‌కు ఏం జవాబిచ్చారని అడిగాను. "కాదని ఎట్లంటం సార్, గిరాకి పోతది" అన్నాడు. అదే నెమలిని పెన్సిల్‌తో కాగితం మీద గీసి, చట్రం ఎక్కడొస్తుందో, ఈకలు ఎన్ని తగ్గుతాయో చూపిస్తూ ఫొటో తీసి పంపాడు. రెండు రోజుల తర్వాత అవతలి నుంచి ఒకటే మాట వచ్చింది: ఆ గీతలు లేకుండా కాదా?

ఈ పని మొదట ఎల్గందులది. 1905లో జిల్లా కేంద్రం ఎల్గందుల నుంచి కరీంనగర్‌కు మారినప్పుడు పనివాళ్ల కుటుంబాలు కూడా మారాయి. అత్తరుదాన్లు, పాన్‌దాన్లు, పన్నీరు బుడ్లు అప్పటి దొరల ఇళ్లకు వెళ్లేవి. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిఫ్కా పేరుతో పనివాళ్ల సొసైటీ ఉంది. దొరలు పోయారు కాబట్టి ఇప్పుడు గిరాకీ చెవిదిద్దులు, కుంకుమ భరిణెలు, జ్ఞాపికల వైపు తిరిగింది. ఆ గిరాకీలో ఎక్కువ భాగం ఫోనులోంచే వస్తోంది.

ఊళ్లలోని చిన్న వ్యాపారాలకు సోషల్ మీడియా ఏం చేసిందని ఎవరైనా అడిగితే రీల్స్ గురించి చెప్తారని అనుకుంటాం. నాకిక్కడ కనబడ్డది వేరు. ఈయనకు ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది, తమ్ముడి కొడుకు నడుపుతాడు. దానికి వచ్చే లైకులను ఈయన పెద్దగా పట్టించుకోడు. ఆయన మనసు పెట్టేవి రెండు. ఒకటి తూకం వీడియో. వస్తువు పూర్తయ్యాక త్రాసు మీద పెట్టి, అంకె కనబడేలా వీడియో తీసి గిరాకీకి పంపుతాడు. పక్కన ఐదు రూపాయల బిళ్ల పెడతాడు. ఫొటోలో ఫిలిగ్రీ పెద్దగా కనిపిస్తుంది, పెట్టె విప్పి చూస్తే అరచేతిలో సగం ఉంటుంది. అప్పుడు మోసం అంటారు. బిళ్ల పక్కన ఉంటే ఆ గొడవ లేదు.

రెండోది అడ్వాన్సు. వెండి 2025లో కిలో లక్ష రూపాయలు దాటి పరుగెత్తింది. మునుపు ఒక ధర చెప్తే వస్తువు చేతికిచ్చేదాకా అదే ధర. ఇప్పుడు పొద్దున చెప్పింది సాయంత్రానికి నిలవదు. అందుకని ధర కింద ఒక ముక్క రాస్తాడు: ఇది ఇయ్యాల్టి రేటు, ఇయ్యాలనే ఫోన్‌పే చేస్తే ఇయ్యాలనే వెండి కొంట. డబ్బు పడగానే అంగట్లో వెండి తీసుకుంటాడు. ఆ తర్వాత ధర ఎటు పోయినా ఇద్దరికీ నష్టం లేదు. యూపీఐ రాకముందు ఇది ఇంత తేలికయ్యేది కాదు. హైదరాబాద్ నుంచి మనియార్డరు వచ్చేదాకా ఆగితే రేటు మారిపోతుంది. రీలు కన్నా ఈ చిన్న ఏర్పాటే ఆయన పనిని నిలబెట్టిందని నా అభిప్రాయం.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. కంసాలి పని, బొమ్మల తయారీ రెండూ వాటిలో చేరాయి. 5 శాతం వడ్డీకి తొలివిడత లక్ష, మలివిడత రెండు లక్షల అప్పు సంగతి అందరికీ తెలుసు. అదే పథకంలో ఒక్కో డిజిటల్ లావాదేవీకి రూపాయి చొప్పున, నెలకు 100 లావాదేవీల దాకా ప్రోత్సాహకం కూడా ఉంది. ఆ రూపాయి మాట చెప్తే ఈయన నవ్వి, "చాయ్ పైసలైతయి" అన్నాడు.

గిరాకీని పిలవడం తేలికే. వచ్చినవాళ్లకు సరుకు ఇవ్వడమే కష్టం. కరీంనగర్‌లోనే 2023 జూన్‌లో ఒక కొత్త హోటలు రూపాయి నోటు తెచ్చినవాళ్లకు బిర్యానీ అని ప్రకటించింది. మాట ఫోను నుంచి ఫోనుకు పాకి రోడ్డు నిండా జనం, ట్రాఫిక్ ఆగిపోయి చివరకు పోలీసులు కలగజేసుకోవాల్సి వచ్చింది. ప్రచారం దానికి మించి ఏం సాధించాలి?

కరీంనగర్ నుంచి కొయ్యబొమ్మల నిర్మల్‌కు పోయే దారిలో కొండగట్టు వస్తుంది. అది ఉన్న మల్యాల మండలంలోనే లంబాడిపల్లి ఉంది. 2012లో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన యూట్యూబ్ ఛానెల్ మై విలేజ్ షో ఊరు. పొలం పనులు చేసుకునే గంగవ్వ ఈ ఊరి నుంచే తెలుగువాళ్లందరికీ తెలిసిన మనిషైంది. 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఊరు చూస్తే మామూలు ఊరు. వరి కళ్లాలు, గేదెలు, ట్రాక్టర్లు. ఈ ప్రాంతం నుంచి సోషల్ మీడియాలో బాగా అమ్ముడుపోయిన సరుకు ఏదంటే నేను ఈ మాటతీరునే చూపిస్తాను. కరీంనగర్ యాసను సినిమాల్లో నవ్వులాటకు వాడుతున్న కాలంలో, అదే యాసను అదే ఊరి మనుషులతో చెప్పించి ప్రేక్షకులను తెచ్చుకున్నారు. వాళ్లకు ముడిసరుకు కొరత లేదు. గంగవ్వ మాట్లాడుతుంటే మాటలు అయిపోవు.

నిర్మల్‌లో ముడిసరుకు అయిపోతోంది.

జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు దాటి, సోన్ దగ్గర గోదావరి వంతెన ఎక్కితే అవతల నిర్మల్. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లాలోని పట్టణం, ఇప్పుడు తనే జిల్లా. ఇక్కడ బొమ్మలు చేసేవాళ్లను నకాషీలంటారు. 1955లో పెట్టుకున్న సహకార సంఘం ఉంది, 2009లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఉంది. నేను ఎక్కువసేపు కూర్చున్నది సంఘంలో కాదు, ఒక ఇంటి వరండాలో. తండ్రి ఉలి పట్టాడు, కోడలు రంగులేస్తోంది, కొడుకు ఫోను చూస్తున్నాడు. ఫోను చూడటం ఆ ఇంట్లో ఇప్పుడొక పని.

చిలకను చేస్తున్నారు. పొనికి కర్ర చేతిలో పెట్టి చూడమన్నారు. బెండులా తేలిక, ఉలికి మెత్తగా లొంగుతుంది, చెక్కుతుంటే పొరలు లేవవు. తేమంతా పోయేదాకా ఆరబెట్టి, ఒంటికి వేరే, ముక్కుకు వేరే, తోకకు వేరే ముక్కలు చెక్కుతారు. వాటిని చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అతుకుల దగ్గర ఆ ముద్దతోనే మెత్తగా నునుపు తీస్తారు. ఆరాక సుద్ద పూత, గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ పూత. రంగు చిట్టచివరి మాట. కోడలు చిలక మెడకు ఎర్రటి వలయం ఒక్క తిప్పులో వేసింది. కుంచె కదల్లేదు, చిలకే తిరిగింది.

ఆ తిప్పును కొడుకు వీడియో తీసి పెట్టాడు. అది బాగా తిరిగింది. రాష్ట్రం దాటి కూడా చూశారు. ఆ తర్వాత ఆర్డర్లు మొదలయ్యాయి. "ఆర్డర్లు వస్తున్నయి, కర్రనే వస్తలేదు" అన్నాడు తండ్రి, ఉలి ఆపకుండానే. పొనికి చెట్టు అడవిలో పెరిగేది. ఏళ్లకేళ్లు నరకడమే తప్ప నాటింది తక్కువ. దొరికేది అటవీశాఖ లెక్కల్లోంచి రావాలి. వచ్చిన దుంగను ఎండబెట్టడానికే సమయం పడుతుంది, పచ్చి కర్రతో చేస్తే బొమ్మ తర్వాత పగులుతుంది. వీడియో ఒక్క రాత్రిలో వేలమందికి చేరుతుంది. చెట్టుకు ఆ సంగతి తెలియదు.

చేతుల సంగతీ అంతే. ఈ వీధిలో పిల్లలు ఫోను పని చకచకా నేర్చారు. ఉలి పని నేర్చినవాళ్లు తక్కువ. కొడుకు కూడా చెక్కగలడు గాని తండ్రి అంత కాదు, ఆ మాట అతనే చెప్పాడు. బొమ్మల శిక్షణ అని అప్పుడప్పుడు పెడతారు. ఈ మధ్య శిక్షణల్లో ఫొటో ఎలా తీయాలి, పేజీ ఎలా పెట్టాలి అన్న పాఠాలే ఎక్కువగా కనబడుతున్నాయి. చెప్పాలంటే అవి ఈ ఇంట్లో కొడుకుకు ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే వచ్చాయి. పొనికి మొక్కలు నాటించడం, చెక్కడం నేర్చుకునే కాలంలో పిల్లవాడికి నెలనెలా కాస్త భృతి ఇవ్వడం లాంటివి ఎవరూ వీడియో తీసి పెట్టుకునే పనులు కావు. అందుకేనేమో వాటికి వంతు రాదు.

ఇంకో తలనొప్పి కొడుకు చూపించాడు. ఒక అమ్మకాల సైటులో వీళ్లింటి చిలక ఫొటో, వీళ్లింటి వరండా గచ్చుతో సహా ఉంది. అమ్మేవాడు వేరే రాష్ట్రంవాడు. ధర వీళ్లకంటే తక్కువ. కొనిచూస్తే అచ్చులో పోసిన ప్లాస్టిక్ చిలక వచ్చిందట. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లోనే చేశారు. 2003 నుంచి అమలులో ఉంది. పేరు వాడుకునే హక్కు కోసం నమోదు చేయించుకునే పద్ధతీ ఉంది. కాని కాజేసింది చిలక ఫొటోను. దానికి దారి ఫిర్యాదు బటను నొక్కడమే. కొడుకు నొక్కాడు. తీసేశారు. కొన్నాళ్లకు మరో పేరుతో మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఫొటోలో చిలక పక్కన తండ్రి చెయ్యి కూడా వచ్చేలా తీస్తున్నాడు. బొటనవేలి మీద పాత ఉలి గాటు ఉంది. ప్లాస్టిక్ చిలక అమ్మేవాడు ఆ చేతిని తెచ్చుకోలేడని అతని ధైర్యం. ఏఐ కాలంలో చేతిని తయారుచేయడం ఎంతసేపని నాకు అనిపించింది గాని పైకి అనలేదు.

పాత ఆదిలాబాద్ జిల్లా చేతిపనులన్నిటికీ ఇదే కథ కాదు. ఆసిఫాబాద్ వైపు ఉషేగావ్, కేస్లాగూడల్లో ఓజాలు పోసే డోక్రా ఇత్తడికి 2018లో గుర్తింపు దక్కింది. వాళ్లకు గోండు గూడేల్లో పూజలకు, పండుగలకు కావలసిన సామాను ఎప్పటినుంచో ఉన్న గిరాకీ. ఫోను గిరాకీ రాకున్నా పక్క గూడెం వస్తుంది. నిర్మల్ చిలకకు అలాంటి పక్కింటి గిరాకీ లేదు. దానిది దూరపు గిరాకీయే.

నేనున్నప్పుడే ఫోను మోగింది. బెంగళూరులో ఒక కంపెనీ, ఉద్యోగులకు దీపావళి కానుకలు. ఐదు వందల చిలకలు, అన్నీ ఒకే సైజు, పెట్టెల మీద కంపెనీ గుర్తు, దీపావళికి వారం ముందే చేరాలి. కొడుకు ముఖం వెలిగింది. తండ్రి గోడవారన పేర్చిన కర్రను చూశాడు, వేళ్ల మీద లెక్క వేశాడు. "అరవై అయితయని పెట్టు. మిగిలినయి ఉగాదికి ఇస్తమను." కొడుకు కాసేపు బతిమాలాడు, మరో నకాషీ ఇంటి నుంచి తీసుకుందామన్నాడు. "వాళ్ల దగ్గర మాత్రం కర్ర ఉన్నదా?" కొడుకు అలాగే టైపు చేసి పంపాడు.

చాయ్ అయ్యేలోపే జవాబొచ్చింది. ఉగాదికి అక్కర్లేదు, దీపావళికి మొత్తం ఇవ్వలేకపోతే వేరేచోట చూసుకుంటామని. కొడుకు ఫోను చాప మీద బోర్లా పెట్టాడు. తండ్రి చిలక తోకను వెలుగుకు పట్టి చూసి, మళ్లీ ఉలి అందుకున్నాడు.

"ఆ అరవై మన హైదరాబాద్ సేటుకు అడుగు, ఎగ్జిబిషన్‌ల ప్రతి ఏడు తీస్కుంటడు గద. అడ్వాన్సు ఇయ్యాలనే వెయ్యమను."