నీలగిరులు – అచటి జనులు

మన తెలుగునాట నీలగిరి తైలపు సీసా లేని యిల్లు అరుదు. జలుబు చేసిన దినమున రుమాలుపై రెండు చుక్కలు వేసికొని వాసన చూచినవారమే మనమందఱము. ఆ పేరుగల కొండలను చూచి రావలెనని మేము కొందఱు స్త్రీలము కూడి, చెన్నపట్టణమున రాత్రి బండి యెక్కి, మఱునాటి యుదయమునకు మేట్టుపాళయము చేరితిమి.

అచటినుండి ఉదకమండలమునకు చిన్న రైలు కలదు. దూరము 46 కిలోమీటర్లే గాని ప్రయాణము దాదాపు అయిదు గంటలు. ఈ దారి 1899లో కూనూరు వఱకును, 1908లో ఉదకమండలము వఱకును నడిచినది. ఎక్కుడు మిక్కిలి నిట్రముగా నున్నచోట పట్టాల నడుమ పండ్లుగల ఇనుపకమ్మి నమర్చిరి. యింజను క్రింది పండ్లచక్రము దానిని పట్టుకొని ప్రాకును. యింజను ముందుండి లాగదు, వెనుకనుండి నెట్టును. క్రింద పోకతోటలు, నడుమ కారడవి, పైన తేయాకు తోటలు – ఒక్క పూటలో మూడు దేశములు చూచినట్లుండును.

తూర్పు కనుమలును పడమటి కనుమలును కలిసికొను తావు ఈ నీలగిరులు. ఇందు ఎత్తయిన శిఖరము దొడ్డబెట్ట. ఎత్తు 2,637 మీటర్లు. పూర్వము ఈ కొండ నెత్తమంతయు పచ్చిక బయళ్లు. పల్లములందు మాత్రము సోల లనబడు దట్టమైన చిన్న వనములు. పచ్చికయు సోలలును వాననీటిని పీల్చుకొని, ఏడాది పొడవున మెల్లమెల్లగా ఊటలుగా విడుచును. భవాని, మోయారు నదులు ఆ నీటితోనే నిండి కావేరిని చేరును.

ఈ కొండలపై పెక్కు తెగలవారు కలరు. తోడులు ఎనుములను మేపువారు, మాంసము ముట్టనివారు. వారి పల్లెను మంద్ అందురు. మన 'మంద' యను మాటకు అది చుట్టమే. వారికి పాలయిల్లే దేవాలయము. కోతలు ఏడు గ్రామములవారు; పురుషులు కమ్మరము, వడ్రంగము, వాద్యము నేర్చినవారు; కుండలు చేయుట స్త్రీల విద్య. బడగలు సేద్యగాండ్రు. బడగ యనగా ఉత్తరపువాడు. తమిళులు పూర్వము మనలను 'వడుగు'లనుటయు ఆ యర్థముననే. వారు హెత్తె యను అవ్వను దేవతగా కొలుతురు. ఆమె పండుగనాడు తెల్లని బట్టలు కట్టి వేలకొలది జనులు నడచిపోవుదురు. కురుంబలు తేనెపట్లు తీయుటలోను, మూలికలు గుర్తించుటలోను నేర్పరులు. ఇరులలు దిగువ వాలులందలి యడవులవారు. ఎవరి భాష వారిదే; అన్నియు మన తెలుగు భాషా కుటుంబములోనివే. నీటిని తోడులును కోతలును 'నీర్' అనియే అందురు.

పూర్వము వీరిలో ఏ తెగయు ఒంటరిగా బ్రతుకలేదు. తోడుల నెయ్యి బడగల యింటికి పోయెడిది. బడగల ధాన్యము తోడుల పొయ్యికి వచ్చెడిది. కోతల కుండలు, కొడవళ్లు అందఱి యిండ్లకు చేరెడివి. పరుల యింట మరణము సంభవించినను కోతల వాద్యము మ్రోగవలసినదే. ఈ బంధమున స్నేహమే కాదు, భయమును ఉండెను. కురుంబలను మంత్రగాండ్రని తలచి హింసించిన దినములును కలవు. అయినను, ఒకరు లేక వేఱొకరికి గడవదని అందఱును ఎఱుగుదురు.

1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఈ కొండ నెక్కిన పిమ్మట దొరల బంగళాలును, తోటలును వెలసినవి. సంత వచ్చి ఇచ్చిపుచ్చుకొనుటను మాన్పినది. మన సీసాలోని తైలమిచ్చు చెట్టు సైతము ఈ కొండలది కాదు. ఆస్ట్రేలియానుండి తెచ్చి 1843లో నాటినది. వంటచెఱకు కొఱకును, తరువాత మిల్లుల కొఱకును అట్టి చెట్లు పచ్చికపై విస్తారముగా పెంచిరి. పచ్చిక తఱిగిన కొలది ఎనుములు తఱిగినవి. ఎనుములు లేక పాలగుడి ఎట్లు నిలుచును? తోడులు నేడు సుమారు రెండువేలమందియే.

ఒక మంద్‌లో వృద్ధురాలొకతె అరుగుపై కూర్చుండి తెల్లని ముతక గుడ్డపై ఎఱుపు నలుపు నూలుతో కుట్టుచుండెను. గీత గీయలేదు, చట్రము బిగింపలేదు. నేతలోని పోగులు లెక్కించుచు ఎనుము కొమ్ములను, పూవులను దింపుచున్నది. "శాలువకు ఎన్నాళ్లు పట్టును తల్లీ?" అని మేమడుగగా, "ఇంటిపని యెంత మిగిల్చిన అంత, అమ్మా! వారములు పట్టును" అనెను. పాలయిల్లు స్త్రీలు చొరరానిది; పాల పని పురుషులది. మంద తఱిగిన యీ కాలమున స్త్రీల సూది యింటికి నాలుగు కాసులు తెచ్చుచున్నది. ఈ కుట్టునకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది.

కొన్నిచోట్ల పరదేశపు చెట్లను తొలగించి మరల పచ్చికను పెంచుచున్నారు. అది మంచి పనియే గాని, నెమ్మదిగా సాగునది. ఆ కొండలకు పోవు సోదరీమణులు తైలపు సీసాతోపాటు ఆ శాలువను గూడ చేత పట్టి చూడుడు. వెల యెక్కువని బేరమాడుటకు ముందు, అది యంత్రపు కుట్టో చేతికుట్టో తిరగవేసి చూచి, పోగుపోగునకు లెక్క పెట్టిన కన్నులను తలచుకొనుడు.