కుచ్చులోని కిటుకు

కర్మాగారానికి ఒక పంపు కొనాలన్నా మా ఇంజనీర్లం నిర్దేశపత్రం వ్రాస్తాము, నమూనాను పరీక్షిస్తాము, ఆ పిదపనే సంతకం చేస్తాము. ప్రతి ఉదయం చెక్కిలిని తాకే షేవింగు బ్రష్షును మాత్రం దుకాణదారు ఏది ఇస్తే అది తెచ్చుకుంటాము. వస్తువు చిన్నదే కాని, చర్మం చిన్న విషయం కాదు.

మేము సూరత్‌కు బదిలీపై వచ్చిన తరువాత, ఎనభై దాటిన మా తండ్రిగారికి గడ్డం గీసే బాధ్యత మాపై పడింది. ఆయనకు చేతులు వణుకుతాయి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నందున చిన్న గాటు పడినా రక్తం ఒక పట్టాన ఆగదు. విద్యుత్ రేజరు చప్పుడు ఆయనకు గిట్టదు. కనుక మంచి బ్రష్షు మాకు విలాసం కాక అవసరమైంది.

గడ్డపు వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినది. నీటిలో రెండు మూడు నిమిషాలు నానితే మెత్తబడి, తక్కువ బలానికే తెగుతుంది. బ్రష్షు వెంట్రుకలను లేపి, నీటిని, నురగను మొదళ్ల దాకా చేరుస్తుంది. బ్లేడు లాగడం తగ్గితే గాట్లూ తగ్గుతాయి.

కుచ్చును బ్యాడ్జరు, పంది, గుర్రపు రోమాలతో గాని, కృత్రిమ పోగులతో గాని కడతారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సరిగా శుద్ధి చేయని గుర్రపు రోమాల బ్రష్షుల వలన సైనికులకు ఆంత్రాక్స్ సోకింది. 1920లో బ్రిటన్ జపాను బ్రష్షుల దిగుమతినే నిషేధించింది. నేడు శుద్ధి చేసిన రోమాలతో ఆ భయం లేదు. అయితే జంతురోమం తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీటిని పీల్చుకుంటుంది. పాలియెస్టర్ ఒక శాతమైనా పీల్చదు. సూరత్ వర్షాకాలపు తేమలో త్వరగా ఆరేది ఏదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడి లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుండి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అనేకం. మరమగ్గాలపై జీవితం గడిపిన ఒక పెద్దాయనకు రెండు కృత్రిమ బ్రష్షులు చూపించాము. ఆయన పిళ్ల వైపు చూడనే లేదు. కుచ్చులను మోచేతి లోపలి వైపు రాసుకొని, "పోగు సన్నగుంటే సరిపోదు సారూ, కొస సన్నగుండాలె" అన్నారు. మొండిగా కత్తిరించిన కొస గుచ్చుకుంటుంది. కొసకు పోనుపోను సన్నబడిన పోగు చర్మంపై జారుతుంది.

ఈ సూత్రానికి మేము మరి రెండు చేర్చాము. కుచ్చును అరచేతిపై నొక్కి వదిలితే వెంటనే నిటారుగా నిలవాలి. మెల్లగా లాగితే పోగులు ఊడిరాకూడదు. ఊడితే మొదట్లోని జిగురు బలహీనమని అర్థం. కుచ్చు మొదలు 22 నుండి 24 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే ముఖానికి సరిపోతుంది. పిడి నగిషీకి పెట్టే అదనపు ధర నురగకు ఏమీ చేర్చదు.

ఈ పరీక్షలన్నిటా నెగ్గిన బ్రష్షునే కొన్నాము. వాడిన పిదప సబ్బు పోయేలా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఉంచుతాము. దానిని మరెవరూ వాడరు. నురగ పట్టించేటప్పుడు మా తండ్రిగారు కళ్లు మూసుకొని నిశ్చింతగా చెక్కిలి అప్పగిస్తారు. ఇంట వృద్ధులున్న సహోద్యోగులు ఈసారి బ్రష్షు కొనేటప్పుడు పిడిని వదిలి, కొసను చూడవలసిందిగా మా మనవి.