తెరిచే చేతి లెక్క

2024 మే 8, బుధవారం

మెట్ల దగ్గర ఫైర్ డోర్‌కి మళ్లీ ఇటుక అడ్డం. వాచ్‌మన్‌ని కేకలేశాను. "తీస్తే ధడాల్న కొట్టుకుంటోంది సార్. పైన కోచింగ్ సెంటర్ వాళ్లు నన్నే తిడుతున్నారు" అన్నాడు. ఇటుక తీసి చూశాను. నిజమే, అంతస్తంతా అదిరింది. తలుపుని దానంతటదే మూసే క్లోజర్ అడుగున నూనె జిడ్డు, తలుపు మీద చారలు. స్ప్రింగ్ బాగానే ఉంది. దాన్ని నిలవరించే ఆయిలే కారిపోయింది. ఇక స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు, మార్చాల్సిందే. పాపం, అతణ్ని ఊరికే అన్నాను.

మే 10, శుక్రవారం

మొదటి అంతస్తులో ల్యాబ్ ముందు పావుగంట నిలబడ్డాను. రక్తం ఇచ్చి వచ్చేవాళ్లంతా మోచేయి మడిచి, దూది నొక్కిపట్టుకునే వస్తారు. తలుపు తోయడానికి మిగిలేది ఒక్క చేయి. ఒక పెద్దావిడ తోసింది, కదల్లేదు. భుజం ఆనించింది. నేను వెళ్లి పట్టుకుంటే, "ఇంత మొండి తలుపేంటి నాయనా" అంది.

చూస్తే 4వ నంబరు క్లోజర్. పెద్దదైతే మన్నుతుందని పోయినేడు నేనే పెట్టించాను. అసలు దానికి సొంత బలమంటూ ఏముంది? తెరిచేవాళ్ల బలమే స్ప్రింగ్‌లో దాగుతుంది, అదే మళ్లీ తలుపు మూస్తుంది. నంబరు పెంచడమంటే వచ్చిపోయే ప్రతి చేతి దగ్గరా సుంకం వసూలు చేయడమే.

మే 12, ఆదివారం

రేపు పోలింగ్, బిల్డింగ్ ఖాళీ. టేపు పట్టుకుని అన్ని తలుపులూ కొలిచాను. ఈఎన్ 1154 అనే ఐరోపా ప్రమాణం పట్టిక ఎదురుగా పెట్టుకున్నాను. వెడల్పు, బరువు రెండింట్లో ఏది పెద్ద నంబరు అడిగితే అదే వేయాలి.

బాత్‌రూమ్‌లు: 750 మి.మీ., తేలిక తలుపులు. 2వ నంబరు చాలు (850 మి.మీ., 40 కిలోల దాకా).
ల్యాబ్: 900 మి.మీ., చెక్క. 3వ నంబరు (950, 60).
ఫైర్ డోర్: 1000 మి.మీ., ఇనుము, 75 కిలోలు. 4వ నంబరు (1100, 80).
కింద షోరూమ్: 12 మి.మీ. టఫెన్డ్ గాజు. చదరపు మీటరుకి 30 కిలోల లెక్కన 57 కిలోలు. పైన క్లోజర్ బిగించడానికి ఫ్రేమే లేదు. ఫ్లోర్ స్ప్రింగ్ తప్పదు.

మే 15, బుధవారం

వన్‌టౌన్‌లో షాపుకెళ్లాను. అక్కడుండగానే ఓనర్ గారి ఫోన్: "అన్నీ ఒకే నంబరు తీసుకోవయ్యా, రేటు తగ్గుతుంది." షాపతనేమో ఫైర్ డోర్ కోసం, తెరిచిన చోటే ఆగిపోయే ఆర్మ్ చూపించాడు. వద్దన్నాను. పొగ మెట్ల మీదికి రాకుండా తనంతట తాను మూసుకోవాలనే కదా ఆ తలుపు పెట్టింది! ఆగే ఆర్మ్ అంటే డబ్బిచ్చి కొన్న ఇటుక.

ఓనర్ గారికి లెక్క చెప్పాను. ల్యాబ్ తలుపు రోజుకి 300 సార్లయినా తెరుచుకుంటుంది, అంటే ఏడాదికి దాదాపు లక్ష. ఈఎన్ 1154 ప్రమాణంలో పరీక్షే 5 లక్షల సార్లు. చౌకది కొని రెండేళ్లకే మార్చుకోవడం దేనికండీ అన్నాను. "సర్లే, నువ్వే చూసుకో" అన్నారు.

మే 18, శనివారం

బిగింపులు. ల్యాబ్ క్లోజర్‌ని లోపలి వైపు, ఆర్మ్ తలుపుకి సమాంతరంగా ఉండేలా పెడదామన్నాడు కార్పెంటర్. చూడ్డానికి బాగుంటుందట. అలా పెడితే దాని బలం పావు వంతు దాకా వృథా. కారిడార్ వైపే పెట్టించాను.

వాల్వులు రెండు. ఒకటి తలుపు వచ్చే వేగానికి, రెండోది చివర్లో గడియ పడే వేగానికి. ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ, 90 డిగ్రీల నుంచి 12 దాకా రావడానికి 5 సెకన్లు పట్టేలా తిప్పాను. వికలాంగుల కోసం అమెరికాలో పెట్టిన కనీస హద్దు అది. దూది పట్టుకున్న చేతికీ అంత వ్యవధి కావాలి.

మే 27, సోమవారం

టీ కుర్రాడు ట్రే పట్టుకుని, ఫైర్ డోర్‌ని తుంటితో నెట్టుకుంటూ వెళ్లాడు. వెనక గడియ టక్కున పడింది. ఇటుక ఇప్పుడు వాచ్‌మన్ కుర్చీ పొట్టి కాలి కింద ఉంది.

మధ్యాహ్నం ఎండకి ఆయిల్ పల్చబడిందేమో, తలుపు కాస్త తొందరపడుతోంది. వాల్వు రవ్వంత బిగించాను. డిసెంబర్‌లో మళ్లీ వదులు చేయాలి. మర్చిపోతే ఇటుక తిరిగొస్తుంది.