పన్నెండు కంప్యూటర్లు, ఒక పెన్‌డ్రైవ్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గం తమ్ముళ్ళు అడిగారు. జ్ఞాపకాలు రాయమన్నారు గానీ, నీళ్ళ సాంబారు గురించి, దొడ్డుబియ్యం గురించి పాత సంచికల్లో అందరూ రాసేశారు. నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి, నాకు వచ్చింది ఆ పనే. అందుకని 2018లో మన హాస్టల్‌కు వచ్చిన పన్నెండు కంప్యూటర్ల సంగతి, వాటి కోసం విండోస్‌ను ముందే సిద్ధం చేసుకున్న సంగతి రాస్తున్నాను. మధ్యలో కొంచెం సాంకేతిక విషయం వస్తుంది. అది వద్దనుకున్నవాళ్ళు ఆ పేరాలు దాటేసినా నాకు కోపం లేదు.

ఆ ఏడాదే తెలంగాణలో ఎంసెట్‌ను కంప్యూటర్ మీద పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు దాన్నే ఈఏపీసెట్ అంటున్నారు. మూడు గంటలు, 160 ప్రశ్నలు. అంతకుముందు దాకా ఓఎంఆర్ షీటు మీద పెన్నుతో సున్నాలు నింపేవాళ్ళు. మన హాస్టల్ నుంచి ఆ పరీక్షకు కట్టినవాళ్ళు 31 మంది. అందులో మౌసు పట్టుకున్నవాళ్ళు నలుగురే. పరీక్ష మే మొదటి వారంలో. వార్డెన్ సారు నాకు ఫోన్ చేసింది మార్చి చివర్లో.

"ఒక ఆఫీసు మూసేసుకుంటూ పన్నెండు కంప్యూటర్లు ఇస్తమంటున్నరు. తీసుకుంటే పనికొస్తయా, లేకపోతే స్టోర్ రూముల పాత పరుపుల పక్కన పడేసుడేనా?" అని అడిగారు. తీసుకోండి సార్, నేను వచ్చి చూస్తా అన్నాను.

ఆదివారం వచ్చి చూస్తే అన్నిటిలోనూ హార్డ్ డిస్కులు ఖాళీ. ఆఫీసువాళ్ళు వాళ్ళ లెక్కలు బయటికి పోకూడదని మొత్తం తుడిచి ఇచ్చారు, అది సరైన పద్ధతే. ఎనిమిది పాతవి, 2 జీబీ ర్యామ్‌వి. నాలుగు కొంచెం కొత్తవి, ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లవి. పాతవాటి పక్కన విండోస్ 7 ప్రొఫెషనల్ స్టిక్కర్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొత్తవాటి మీద 10 ప్రో లైసెన్సు ఉంది, ఆ లైసెన్సుతో 7 ప్రొఫెషనల్‌కు దిగే హక్కు కూడా అప్పట్లో ఉండేది. అంటే లైసెన్సు చిక్కు లేదు.

చిక్కంతా నెట్‌తోనే. హాస్టల్లో నెట్ లేదు. ఎవరి ఫోన్లోనైనా జియో సిమ్ము ఉంటే రోజుకు 1.5 జీబీ, అదీ డాబా ఎక్కితేనే సిగ్నల్. అప్పట్లో విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 డిస్కు వేసి అప్‌డేట్ నొక్కితే గంటల తరబడి వెతుకుతూనే ఉండేది, ఆ తర్వాత రెండు వందలకు పైగా అప్‌డేట్లు దింపుకోమనేది. ఇట్లా పన్నెండు సార్లు. పరీక్ష అయిపోయి రిజల్టు వచ్చినా మన పని అయ్యేది కాదు.

అప్‌డేట్లు లేకపోతే ఏంటి, వేసుకుని నడిపిస్తే పోదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని పేపర్లలో వచ్చింది. దాన్ని ఆపే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. వేసుకోనివాళ్ళే ఎక్కువగా దెబ్బతిన్నారు. పన్నెండు కంప్యూటర్లను ఒకే స్విచ్‌కు కలిపి, పిల్లలు ఎక్కడెక్కడి పెన్‌డ్రైవులో తెచ్చి పెడితే, ఒకదానికి తగిలింది అన్నిటికీ తగులుతుంది.

ఊళ్ళో ఒక షాపతను ఒక్కోదానికి 600 అడిగాడు. అన్నీ కలిపిన రెడీమేడ్ విండోస్ ఉంది, అరగంటలో వేసిస్తానన్నాడు. ఆ రెడీమేడ్ సీడీలు నాకు కొత్త కాదు. ఎవరు తయారు చేశారో, లోపల ఏం పెట్టారో, ఏం తీసేశారో తెలియదు. ఎవరో తాళం వేసి ఇచ్చిన పెట్టెను పిల్లల గదిలో పెట్టడమే అది. అదే పని మనమే, అసలు డిస్కు నుంచి, మన చేత్తో చేసుకుంటే లోపల ఏముందో మనకు తెలుస్తుంది.

ఈ విద్య నాకు సికింద్రాబాద్ సీటీసీలో అబ్బింది. డిగ్రీ అయ్యాక 2004లో అక్కడ ఒక షాపులో చేరాను. అప్పుడంతా ఎక్స్‌పీ. బ్లాస్టర్, సాసర్ పురుగుల కాలం. పాత సీడీతో ఎక్స్‌పీ వేసి, అప్‌డేట్ చేసుకుందామని నెట్ కలిపితే, అప్‌డేట్ దిగేలోపే పురుగు దిగేది. అరవై సెకన్లలో ఆఫ్ అవుతుందని ఒక డబ్బా వచ్చి లెక్కపెట్టేది. కస్టమర్ మనల్నే తిట్టేవాడు. ఆ ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 వచ్చింది, 260 ఎంబీ పైన. మా షాపు సీనియర్ భాయ్ దాన్ని ఎక్స్‌పీ సీడీలోకే కలిపేశాడు. స్లిప్‌స్ట్రీమ్ అంటారు ఆ పనిని. సీడీ మొత్తం ఒక ఫోల్డర్లోకి కాపీ చేసి, ఇంటిగ్రేట్ అనే ఒక్క కమాండ్ ఇస్తే పాత ఫైళ్ళ స్థానంలో కొత్తవి కూర్చుంటాయి. మళ్ళీ సీడీ రాసేటప్పుడు నీరోలో బూట్ సెక్టార్ల దగ్గర 4 అని పెట్టాలి, అది పెట్టకపోతే సీడీ బూట్ కాదు. ఈ నాలుగు అంకె చెప్పడానికి భాయ్ నా చేత రెండు నెలలు చాయ్ తెప్పించాడు.

ఆ సీడీలోనే ఇంకో సంగతి కలిపేవాళ్ళం. ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు మామూలుగా కనబడేవి కావు. వత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట, లేకపోతే ఉత్త డబ్బాలు. కంట్రోల్ ప్యానెల్లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే గడిలో టిక్కు పెట్టాలి, అప్పుడు అది మళ్ళీ సీడీ అడుగుతుంది. కస్టమర్ ఇంట్లో సీడీ ఉండదు. అందుకని జవాబుల ఫైలులో ముందే రాసిపెట్టేవాళ్ళం, ఇన్‌స్టాల్ అవుతూనే తెలుగు వచ్చేసేది. తర్వాత సాటా డిస్కుల ల్యాప్‌టాపులు వచ్చాయి. వాటిలో ఎక్స్‌పీ వేయాలంటే ఎఫ్6 నొక్కి ఫ్లాపీ నుంచి డ్రైవర్ ఇవ్వమనేది. ల్యాప్‌టాపుకు ఫ్లాపీ ఎక్కడిది! ఎన్‌లైట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ డ్రైవర్‌నూ సీడీలోకే ఎక్కించేవాళ్ళం.

"బస్సెక్కినంక మూట కట్టుకుంటవా? ఇంటికాన్నే కట్టుకోవాలె" అనేవాడు భాయ్.

విండోస్ డిస్కులో ఉన్న ఇమేజ్ కూడా అంతే. జూన్‌లో హాస్టల్‌కు పంపేటప్పుడు మనకు అమ్మ సర్దిన ట్రంకు పెట్టెలాంటిది. అందులో పెట్టిందే ఉంటుంది, పెట్టంది అక్కడ దొరకదు. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 ఇమేజ్ 2011లో సర్దిన పెట్టె. 2015 తర్వాత వచ్చిన బోర్డుల గురించి దానికి తెలియదు.

ఆ తెలియకపోవడం మన కొత్త నాలుగు కంప్యూటర్లలో ఎలా బయటపడిందో చెబుతాను. పెన్‌డ్రైవ్ పెడితే సెటప్ మొదలవుతుంది, భాష అడుగుతుంది, అంతే. కీబోర్డు పనిచేయదు, మౌసు కదలదు. మొదట పెన్‌డ్రైవ్‌ను చదివేది బయోస్, కాబట్టి అక్కడిదాకా బాగానే వస్తుంది. తర్వాత పగ్గాలు విండోస్ చేతికి వస్తాయి. ఆ బోర్డుల్లో యూఎస్‌బీ అంతా 3.0 కంట్రోలర్ కిందే ఉంటుంది, విండోస్ 7కు దాని డ్రైవర్ లేదు. కీబోర్డు పాడయిందని కొందరు కొత్తది కొనుక్కొస్తారు. కీబోర్డు తప్పేం లేదు.

మూడు రకాల బోర్డుల వివరాలు లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో చూసి నోటుబుక్కులో రాసుకుని హైదరాబాద్ వెళ్ళాను. మా షాపులో నెట్ బాగుంటుంది, దింపుకోవలసినవన్నీ అక్కడే దింపుకున్నాను. డ్రైవర్లు ఈఎక్స్‌ఈ రూపంలో వస్తే పనికిరావు, వాటిని విప్పి లోపలున్న ఐఎన్ఎఫ్ ఫైళ్ళు తీసుకోవాలి. 2 జీబీ ర్యామ్ చూసి అన్నిటికీ 32 బిట్‌దే వేద్దామనుకున్నాను, కాబట్టి డ్రైవర్లూ 32 బిట్‌వే ఉండాలి. విండోస్ 7లో 32 బిట్‌ది యూఈఎఫ్ఐలో బూట్ కాదు, కొత్తవాటిలో బయోస్‌ను లెగసీకి మార్చాలి.

పనిముట్టు పేరు డిస్మ్. విండోస్‌తో వచ్చేదే, డబ్బులు పెట్టనక్కరలేదు. ఇన్‌స్టాల్.విమ్ అనే ఫైలును మౌంట్ చేయాలి, అంటే మూట విప్పి ఒక ఖాళీ ఫోల్డర్లో పరచాలి. అందులో అయిదు ఎడిషన్లుంటాయి, మనకు ప్రొఫెషనల్ ఒక్కటే చాలు. అప్‌డేట్లలో వరస ముఖ్యం. ముందు కేబీ3020369, అది అప్‌డేట్లను ఎక్కించే యంత్రాన్నే బాగుచేస్తుంది. అది లేకుండా తర్వాతది ఎక్కదు. ఆ తర్వాత కేబీ3125574. 2011 నుంచి 2016 ఏప్రిల్ దాకా వచ్చినవాటిలో చాలా భాగం కలిపి మైక్రోసాఫ్ట్ వాళ్ళే 2016 మేలో ఇచ్చిన పెద్ద మూట అది. 32 బిట్‌ది 300 ఎంబీ పైన ఉంటుంది. దాని మీద ఆ నెల వచ్చిన రోలప్. చివర డ్రైవర్ల ఫోల్డర్ మొత్తం ఒక్క కమాండ్‌తో.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ సెటప్ నడిచేది ఇన్‌స్టాల్.విమ్‌లో కాదు, బూట్.విమ్ అనే ఇంకో ఫైలులో, దాని రెండో ఇండెక్స్‌లో. యూఎస్‌బీ డ్రైవర్ అక్కడ కూడా పెట్టాలి. లేకపోతే కీబోర్డు మళ్ళీ మొండికేస్తుంది. పెట్టెలో అన్నం గిన్నె పెట్టి, దారిలో తినడానికి చేతిసంచిలో ఏమీ పెట్టకపోవడం లాంటిది. అన్నీ అయ్యాక కమిట్ చేసి మూట కట్టేయాలి. ఆ ఫోల్డర్ ఎక్కడైనా తెరిచి ఉంటే మూట సరిగా కట్టుకోదు, కిటికీలన్నీ మూసేయాలి. నాకు మొత్తం రెండు రాత్రులు పట్టింది. టైం జోన్, యూజర్ పేరు వగైరాల జవాబుల ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి, అలాంటివి మూడు తయారు చేశాను.

ఏప్రిల్ రెండో ఆదివారం హాస్టల్‌కు వచ్చాను. నేను మొదటి కంప్యూటర్‌లో వేసి చూపించాను, మిగతా పదకొండూ పిల్లలే వేశారు. డైనింగ్ హాలు బల్లల మీద మూడేసి చొప్పున పెట్టుకున్నారు. మూడుసార్లు ఫ్యూజు పోయింది, వాచ్‌మన్ తాత తిట్టుకుంటూనే మూడుసార్లూ వేశాడు. ఒక్కోదానికి అరగంట. కొత్తవాటిలో యూఎస్‌బీ మౌసు కదలగానే "అన్నా, కదిలింది!" అని ఒకడు అరిచాడు. ఎందుకు కదిలిందో వాడికి తెలుసు, అంతకుముందు కదలకపోవడం వాడే చూశాడు కాబట్టి. యాక్టివేషన్ ఫోన్ మీద చేశాం. అంకెలన్నీ చదివి చెప్పి, వాళ్ళు చెప్పిన అంకెలు కొట్టాలి. అది మాత్రం విసుగు పని. ఇద్దరు పిల్లలు డాబా మీద నిలబడి అంకెలు అరిస్తే ఇద్దరు కింద కొట్టారు.

పాత ప్రశ్నపత్రాలతో నేను ఒక చిన్న పేజీ తయారు చేసి ఇమేజ్‌లోనే డెస్క్‌టాప్ మీద పెట్టాను. నాలుగు జవాబుల పక్కన గుండ్రాలు, తర్వాతి ప్రశ్న బటన్, మళ్ళీ చూద్దామని గుర్తు పెట్టుకునే బటన్, పైన తరిగిపోయే గడియారం. దేవరకొండ వైపు అబ్బాయి ఒకడుండేవాడు, లెక్కల్లో చురుకు. మొదటి రోజు మౌసును రెండు చేతులతో పట్టుకున్నాడు. మూడు గంటల్లో 70 ప్రశ్నలు దాటలేదు. లెక్క నోట్లోనే చేసేస్తాడు, జవాబు దగ్గరికి బాణం తీసుకుపోవడానికి అవస్థ. "అన్నా, ఇది గొర్రెపిల్ల లెక్క ఎటువడితె అటు పోతాంది" అన్నాడు. ముగ్గురికి ఒకటి చొప్పున వంతులు వేసుకుని, పొద్దున, సాయంత్రం, రాత్రి స్టడీ అవర్ తర్వాత కూర్చున్నారు. ఏప్రిల్ చివరికి వాడు 150 దాటాడు. ఎవరికి ఏ ర్యాంకు వచ్చిందో ఇక్కడ రాయను, అది వాళ్ళ చదువు సంగతి. పరీక్ష రాసి వచ్చినవాళ్ళలో మౌసు వల్ల ప్రశ్నలు వదిలేశామన్నవాళ్ళు లేరు. మూడు వారాల్లో ఒక్క కంప్యూటర్‌కూ వైరస్ తగల్లేదు.

ఇప్పటి సంగతి. విండోస్ 7కు 2020 జనవరి 14తో సపోర్టు అయిపోయింది. పాత ఎనిమిదిలో అయిదు ఇంకా బతికే ఉన్నాయి, ర్యామ్ పెంచి లైనక్స్ మింట్ వేశాం. కొత్త నాలుగింటికి ఇదే పద్ధతిలో విండోస్ 10 ఇమేజ్ తయారు చేసి వేశాను, దాని మామూలు సపోర్టూ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 జాబితా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది, మనవి ఆరోవి. ఏవో కిటుకులతో 11 ఎక్కించవచ్చు గానీ, రేపు ఏ అప్‌డేట్ దగ్గర ఆగిపోతుందో చెప్పలేం. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఆగిపోతే ఇబ్బంది పడేది మీరు. కాబట్టి వాటికీ మింటే.

దసరా సెలవులు అయిపోయాక వస్తాను. ఈసారి ఇమేజ్ తయారీ మీ చేతే చేయిస్తా, ఇష్టమున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు పేర్లు వార్డెన్ సారుకు ఇవ్వండి. ఆఫీసు ప్రింటర్ వెనకాల మోడల్ నంబరు ఉంటుంది, ఫోటో తీసి ముందే పంపండి. 16 జీబీ పెన్‌డ్రైవులు రెండుంటే చాలు. స్విచ్‌లో మూడో పోర్టు పనిచేయదు, అందులో కేబుల్ పెట్టి కంప్యూటర్ పాడయిందనుకోకండి.

— ఒక పూర్వ విద్యార్థి